డేలీ నది టీచరమ్మ మన క్లినిక్‌కి ఏమవుతారు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగు డాక్టర్‌ని. పదేళ్ల మొరటోరియం (విదేశాల్లో చదివిన డాక్టర్లు పదేళ్ల దాకా డాక్టర్లు తక్కువున్న చోట్ల చేయాలనే నియమం) లెక్కలో నార్తర్న్ టెరిటరీకి వెళ్తున్నాను. డార్విన్‌కి దక్షిణంగా, డేలీ నది వైపు ఒక ఆబోరిజినల్ కమ్యూనిటీ క్లినిక్. ఓరియంటేషన్‌లో సగం రోజు మిరియం-రోజ్ ఉంగున్‌మెర్-బౌమన్ అనే టీచర్ గురించీ, ‘దదిర్రి’ అనే మాట గురించీ చెప్పారు. స్కూల్ టీచర్‌కీ, ఆరోగ్యానికీ సంబంధం ఏంటి? దదిర్రి అంటే మన ధ్యానం లాంటిదేనా? నిజంగా పనికొచ్చే విషయమా, లేక ట్రైనింగ్‌లో చెప్పే మంచి మాటలా? ఇంకొకటి, అక్కడ మన పప్పూ బియ్యం దొరుకుతాయా?"

డాక్టర్ గారూ, నేను నర్సుని. టాప్ ఎండ్, అంటే టెరిటరీ ఉత్తర భాగం, అక్కడి కమ్యూనిటీల్లో పదహారేళ్లు చేశాను. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. నర్సు చెప్పేదేంటి అనుకోకండి. రేపు అక్కడ రాత్రి రెండు గంటలకి మీ పక్కన ఉండేది నర్సులూ, ఆబోరిజినల్ హెల్త్ ప్రాక్టిషనర్లే.

ధ్యానం సంగతి ముందు తేల్చేస్తాను. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఓరియంటేషన్‌లో కళ్లు మూసుకోమన్నారు, నది చప్పుడు వినిపించారు, టీ ఇచ్చారు. మన దగ్గర వీధికో యోగా సెంటర్ ఉంది, ఇందులో కొత్తేముంది అనుకున్నాను. అది నా పొరపాటని తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఎలా తెలిసిందో తర్వాత చెబుతాను, ముందు ఆవిడ గురించి.

మిరియం-రోజ్ గారు 1950లో డేలీ నది ప్రాంతంలో పుట్టారు. చిన్నతనం చాలావరకు పిన్ని, బాబాయిల దగ్గర గడిచింది. బాబాయి పోలీసులకి జాడలు పట్టి చూపించే ట్రాకర్. ఆయన ఉద్యోగం ఎటు తీసుకెళ్తే అటు, అడిలైడ్ రివర్, పైన్ క్రీక్, మటరాంకా అంటూ తిరిగారు. అలా తిరగడంలో ఆవిడకి నాలుగైదు భాషలు పట్టుబడ్డాయి. సొంత జనం పేరు ఙన్‌గికురుంగుర్. లోతైన నీటి శబ్దం అని దానికి అర్థం చెబుతారు. మన అక్షరమాలలో ‘ఙ’ అనే అక్షరం ఉంది, ఒకటో తరగతిలో దిద్దిన తర్వాత మళ్లీ దాని ముఖం చూడం. వీళ్ల మాటలు మొదలయ్యేదే దానితో. తెల్ల డాక్టర్లు పలకలేక తంటాలు పడతారు, మీకు తేలిగ్గా వస్తుంది. పేరు సరిగ్గా పలికితే సగం పని అయినట్టే.

ఆవిడ మొదట బడిలో సహాయకురాలిగా చేరి, 1975లో నార్తర్న్ టెరిటరీలో పూర్తి అర్హత ఉన్న మొదటి ఆబోరిజినల్ టీచర్ అయ్యారు. ఒకసారి లెక్క వేసుకోండి. టెరిటరీ జనాభాలో ఇప్పటికీ దాదాపు 30 శాతం ఆబోరిజినల్ వాళ్లే. అలాంటి చోట 1975 దాకా పిల్లలకి తమవాళ్లలో ఒక్కరూ పూర్తిస్థాయి టీచర్‌గా లేరు. బడి అంటే బయటివాళ్లు వచ్చి, బయటి భాషలో, బయటి సంగతులు చెప్పే చోటు. ఆ తర్వాత విద్యాశాఖ ఆవిడని ఆర్ట్ సలహాదారుగా టాప్ ఎండ్ బళ్లన్నీ తిప్పింది. ఇంగ్లీషు రాని పిల్ల కూడా బొమ్మ వేసి తన కథ చెప్పగలదు కదా, అక్కడి నుంచి చదువు మొదలుపెట్టొచ్చన్నది ఆవిడ పద్ధతి. 1986లో తన ఊరు నౌయులో మెరెపెన్ ఆర్ట్స్ పెట్టారు. మెరెపెన్ అంటే మన తాటి జాతి లాంటి ఒక చిన్న చెట్టు. దాని నార తీసి, వేర్లతో రంగులద్ది ఆడవాళ్లు సంచులు అల్లుతారు. నేను మొదటిసారి చూసినప్పుడు మా అమ్మమ్మ ఈతాకు చాప అల్లుతూ కూర్చున్నట్టే అనిపించింది. 1993లో అదే ఊళ్లో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ స్కూల్‌కి ప్రిన్సిపాల్ అయ్యారు. 1998లో ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా, 2002లో నార్తర్న్ టెరిటరీ యూనివర్సిటీ (ఇప్పటి చార్లెస్ డార్విన్ యూనివర్సిటీ) గౌరవ డాక్టరేట్, 2021లో సీనియర్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్. బిరుదుల లిస్టు ఇంతటితో ఆపేస్తాను.

టీచర్‌కీ ఆరోగ్యానికీ సంబంధం ఏంటని అడిగారు. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

డేలీ నది ఒడ్డున 1884లో రాగి గని దగ్గర ఆబోరిజినల్ వాళ్లు కొందరు తెల్లవాళ్లని చంపారు. ప్రతీకారం పేరుతో బయల్దేరిన తెల్లవాళ్ల గుంపులు దొరికినవాళ్లని దొరికినట్టు చంపుకుంటూ పోయాయి. చచ్చిపోయిన తెల్లవాళ్ల సంగతి కాగితాల్లో ఉంది, ఇవతల ఎందరు పోయారో లెక్కపెట్టినవాడు లేడు. రెండేళ్లకి జెసూట్ మిషనరీలు వచ్చారు. వరదలూ మిగతా కష్టాలూ తట్టుకోలేక 1899లో వెళ్లిపోయారు. 1950ల్లో మళ్లీ కాథలిక్ మిషన్, దానితో బడీ వచ్చాయి. దేశమంతటా అయితే దాదాపు 1910 నుంచి 1970 దాకా ఆబోరిజినల్ పిల్లల్ని, ముఖ్యంగా తెల్ల రక్తం కలిసిన పిల్లల్ని, తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లి హాస్టళ్లలో, మిషన్లలో, తెల్ల కుటుంబాల్లో పెట్టారు. ‘స్టోలెన్ జనరేషన్స్’ అనేది వాళ్లనే. 1997లో దీని మీద పెద్ద విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2009లో హీలింగ్ ఫౌండేషన్ అని ఒక జాతీయ సంస్థ పెట్టారు.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. పిల్లల్ని లాక్కెళ్లింది ఎవరు? పోలీసులు, వెల్ఫేర్ ఆఫీసర్లు. వాళ్లకి సాయపడ్డ యంత్రాంగంలో బడి ఉంది, ఆస్పత్రీ ఉంది. మీ క్లినిక్‌కి వచ్చే డెబ్బై ఏళ్ల ముసలమ్మకి యూనిఫాం వేసుకున్న మనిషి, చేతిలో ఫైలు, ‘పాప పేరేంటి, పుట్టిన తేదీ ఎంత’ అనే ప్రశ్న, ఇవన్నీ వేరే జ్ఞాపకాలు. అందుకే అక్కడ ట్రీట్‌మెంట్ అనే మాట కంటే హీలింగ్ అనే మాట ఎక్కువ వినపడుతుంది. మన భాషలో గాయం ‘మానుతుంది’ అంటాం చూడండి, అదే. కట్టు కట్టడం మన పని, మానడం దాని పని. 1989లో జాతీయ ఆబోరిజినల్ ఆరోగ్య వ్యూహం రాసినప్పుడే ఆరోగ్యానికి ఇచ్చిన నిర్వచనం ఒక్క మనిషి ఒంటి గురించి కాదు. ఊరంతా మానసికంగా, సాంఘికంగా, సంస్కృతిపరంగా బాగుండడం అని రాసుకున్నారు. దానికి పద్దెనిమిదేళ్ల ముందే, 1971లో, సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో వాళ్ల సొంత అజమాయిషీలో మొదటి మెడికల్ సర్వీస్ మొదలైంది. మా ఆరోగ్యం మా చేతుల్లో ఉండాలన్నది క్లినిక్‌లో వాళ్ల పట్టు. మిరియం-రోజ్ గారు అదే పట్టు బడిలో పట్టారు.

చెవుల సంగతి చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రిమోట్ కమ్యూనిటీల్లో పసిపిల్లలకి కొన్ని నెలల వయసులోనే మధ్యచెవి ఇన్ఫెక్షన్ వస్తుంది. తగ్గదు, కర్ణభేరికి చిల్లు పడుతుంది, చీము కారుతూనే ఉంటుంది. ఏ జనాభాలోనైనా పిల్లల్లో 4 శాతం మందికి ఇలా ఉంటే అది పెద్ద ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. ఇక్కడి కొన్ని ఊళ్లలో ఆ గీత ఎక్కడో కింద ఉండిపోతుంది. ఆ పిల్లాడు ఐదేళ్లకి బడికొస్తాడు. టీచర్ ఇంగ్లీషులో ఏదో అంటుంది, సగం వినపడదు, వినపడిన సగం అర్థం కాదు. గోల చేస్తాడు, లేదా మూలన కూర్చుంటాడు. కొత్తగా సిడ్నీ నుంచి వచ్చిన టీచర్‌కి వాడు మొండివాడు. ఆ ఊరి టీచర్‌కి మాత్రం వాడి చెవి కారుతోందనీ, వాళ్లింట్లో పధ్నాలుగు మంది ఉంటున్నారనీ, వాళ్ల పెద్దమ్మకి కబురు పెడితే క్లినిక్‌కి తీసుకొస్తుందనీ తెలుసు. చెవుల కార్యక్రమం మిరియం-రోజ్ గారు పెట్టారని నేను అనడం లేదు. ఊరివాళ్లే టీచర్లుగా ఉండాలి, ఊరి భాష బడిలో ఉండాలి అని ఆవిడ అన్నన్నేళ్లు పట్టుబట్టడం క్లినిక్ పని కూడా ఎలా అవుతుందో చెబుతున్నాను. బయటివాళ్లు ఆరు నెలలకొకరు మారిపోతారు. నేను చూసిన ఒక ఊళ్లో ఏడాదిలో నలుగురు మేనేజర్లు మారారు. ఊరి టీచర్ మాత్రం ఉంటుంది, ఆమె చనిపోతే అదే ఊళ్లో పాతిపెడతారు.

ఇప్పుడు దదిర్రి. ఆ మాట ఆవిడ సొంత భాషలోది. 1988లో హోబార్ట్‌లో చేసిన ఒక ప్రసంగంతో అది బయటి ప్రపంచానికి తెలిసింది. లోపలి నుంచి, లోతుగా వినడం. చప్పుడు చేయకుండా, కదలకుండా, ఎరుకతో ఉండడం. చిన్నప్పటి నుంచి కథలు అలాగే విన్నామనీ, నిశ్శబ్దం అంటే తమకి భయం లేదనీ చెప్పారు. తాము నది జనమనీ, నదిని తొందరపెట్టలేమనీ అన్నారు. ఎవరైనా పోతే ఆ దుఃఖంతో చాలాకాలం కూర్చుంటాం, అది నెమ్మదిగా మానే దాకా ఆగుతాం అని కూడా అన్నారు.

ఇంతవరకే తీసుకుంటే మీరన్నట్టు ధ్యానం లాగే ఉంటుంది. ట్రైనింగుల్లో కూడా ఇంతవరకే చెబుతారు. కానీ ఆ ప్రసంగంలో ఇంకో మాట ఉంది. మేం తెల్లవాళ్ల భాష నేర్చుకున్నాం, వాళ్లు చెప్పింది విన్నాం, ఈ వినడం, నేర్చుకోవడం రెండు వైపులా జరగాలి, మమ్మల్ని తెలుసుకోవడానికి కాస్త సమయం పెట్టండి అని అడిగారు. నా దృష్టిలో అసలు సంగతి అదే. వాళ్లు ఎప్పటి నుంచో వింటూనే ఉన్నారు, వాళ్లకి మనం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. వినాల్సింది ఇవతల కుర్చీలో కూర్చున్నవాళ్లు. అంటే మీరూ నేనూ. ఈ సగం వదిలేసి మొదటి సగం పోస్టర్ మీద వేసి, కింద సూర్యాస్తమయం బొమ్మ పెట్టి, కార్పొరేట్ ఆఫీసుల్లో స్ట్రెస్ తగ్గించుకోవడానికి వాడుతున్నారు. నాకు ఒళ్లు మండుతుంది.

నా పొరపాటు సంగతి చెబుతానన్నాను కదా. ఊరి పేరు రాయను.

పదమూడేళ్ల పిల్ల. రుమాటిక్ ఫీవర్ వచ్చి వెళ్లింది, గుండె కవాటం కొంచెం దెబ్బతింది. మన దగ్గర పెనిడ్యూర్ అని 21 రోజులకోసారి చేస్తాం కదా, ఇక్కడ అదే బెంజథైన్ పెనిసిలిన్‌ని ఎక్కువగా 28 రోజులకోసారి చేస్తారు. ఏళ్ల తరబడి చేయాలి. లావు సూది, చిక్కటి మందు, నొప్పి మామూలుగా ఉండదు. ఆ పిల్ల వరసగా రెండు డోసులు తప్పింది. కబురు పెట్టాను, రాలేదు. ట్రూపీ వేసుకుని ఇంటికెళ్లాను. (ట్రూపీ అంటే పాత టొయోటా ట్రూప్ క్యారియర్. అక్కడ అంబులెన్సూ అదే, స్కూల్ బస్సూ అదే.) వాళ్ల అమ్మమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. బండి ఇంజన్ ఆపకుండానే అడిగాను. "ఇంజెక్షన్ చేయించుకోకపోతే గుండె పాడవుతుంది, తెలుసా?" అవును. "రేపు తీసుకొస్తావా?" అవును. "పదింటికి?" అవును. మూడు అవునులు తీసుకుని సంతోషంగా వెనక్కి వచ్చాను. మర్నాడు రాలేదు. ఫైల్లో ‘చెప్పినా వినరు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి రాశాను. అది రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా క్లినిక్‌లో హెల్త్ ప్రాక్టిషనర్ ఒకావిడ ఉండేది. అరవై దాటినావిడ, ఊరామే, నేను ఆంటీ అనేదాన్ని. ఫైలు చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "పద, చేపల దగ్గరికి పోదాం" అంది. పోలేదు. నేరుగా ఆ ఇంటికే తీసుకెళ్లింది. బండి దూరంగా ఆపించింది. వెళ్లి ఆ మామిడి చెట్టు కింద కూర్చుంది. పలకరింపు లేదు. అమ్మమ్మ కాసేపటికి లేచి వచ్చి, ఒక పక్కకి తిరిగి కూర్చుంది. ఎవరూ మాట్లాడరు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నాకు ఫోన్ తీయాలనిపించింది, వాచీ చూసుకోవాలనిపించింది, చీమలు కుడుతున్నాయి. ఒకసారి నోరు తెరవబోతే ఆంటీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఇరవై నిమిషాలయ్యాక అనుకుంటాను, అమ్మమ్మ ఎటో చూస్తూ వాళ్ల భాషలో నాలుగు మాటలు అంది. ఆంటీ నాకు చెప్పింది. రెండు నెలల కిందట ఈ ఇంటి మనిషి ఒకాయన మన క్లినిక్‌లో పోయాడు, ఆ గదికి ఇంకా పొగ పట్టలేదు, ఈ కుటుంబం ఆ గుమ్మం తొక్కదు, అని.

టాప్ ఎండ్‌లో ఎవరైనా పోయిన చోట, ఇల్లైనా, కారైనా, ఆఫీసైనా, పచ్చి ఆకులు కాల్చి పొగ పెట్టిస్తారు. పోయినాయన ఆత్మ అక్కడ చిక్కుకోకుండా, ఉన్నవాళ్లకి కీడు జరగకుండా. స్మోకింగ్ సెరిమనీ అంటారు. పోయిన మనిషి పేరు కూడా చాలాకాలం పలకరు. ఆయన పోయినప్పుడు నేను సెలవులో ఉన్నాను. మధ్యలో మేనేజర్ మారాడు. పొగ పెట్టించాలని ఎవరికీ గుర్తు లేదు, ఊరివాళ్లని అడిగినవాళ్లూ లేరు.

నాకు నిజంగా దెబ్బ తగిలింది ఎక్కడంటే, ఇది నాకు తెలియని సంగతి కాదు. మా తాతయ్య ధనిష్ఠా పంచకంలో పోయాడని మా ఇల్లు ఆరు నెలలు తాళం వేసి, మేమంతా పెదనాన్న గారి పాకలో ఉన్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఆర్నెల్లలో ఏ నర్సమ్మో వచ్చి "ఆ ఇంట్లోకొస్తేనే ఇంజెక్షన్" అని ఉంటే మా నాయనమ్మ కూడా తలూపి, మర్నాడు వెళ్లేది కాదు. ఇంత తెలిసి కూడా, ఎదుటి మనిషి నల్లగా, పేదగా, వేరే భాషలో ఉండేసరికి వాళ్లది మొండితనం అనుకున్నాను. ఆ పూటే పిల్లకి ట్రూపీ వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంజెక్షన్ చేశాం. పది రోజుల్లో పెద్దవాళ్లని పిలిచి క్లినిక్‌కి పొగ పట్టించారు. తర్వాత నాలుగు కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. వాళ్లు రావడం మానేశారని అప్పటిదాకా మా కంప్యూటర్‌కే తెలియదు.

సో, పనికొచ్చే విషయమా అంటే నాకు పనికొచ్చింది. కానీ వినడంతో అన్నీ తీరవు, అది కూడా చెప్పాలి. రుమాటిక్ ఫీవర్ ఎందుకొస్తుంది? స్ట్రెప్ బ్యాక్టీరియా గొంతులోకి, చర్మం మీది పుండ్లలోకి చేరడం వల్ల. మూడు గదుల ఇంట్లో పదిహేను మంది పడుకుంటే, కుళాయి పాడై, వాషింగ్ మెషీన్ లేక దుప్పట్లు ఉతక్కపోతే, గజ్జి పుండ్లు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటాయి. దానికి మందు ఇళ్లు కట్టడం, ప్లంబర్ రావడం. దదిర్రి పేరు చెప్పి గవర్నమెంటు ఆ బిల్లు ఎగ్గొట్టకూడదు. 2020–22 లెక్కల్లో ఆబోరిజినల్ మగవాళ్ల ఆయుర్దాయం 71.9 ఏళ్లు, ఆడవాళ్లది 75.6. మిగతా ఆస్ట్రేలియన్లతో తేడా ఎనిమిదేళ్ల పైమాటే. టెరిటరీలో రిమోట్ ఊళ్లు చూస్తే పరిస్థితి ఇంకా కింద ఉంటుంది.

మిరియం-రోజ్ గారు రిటైరయ్యాక విశ్రాంతిగా బొమ్మలు వేసుకుంటూ కూర్చుని ఉండొచ్చు, కానీ కూర్చోలేదు. 2013లో సొంత పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టారు. ఊళ్లో కుర్రవాళ్లు వరసగా ప్రాణాలు తీసుకోవడం చూసి పెట్టారది. చదువు, బొమ్మలు, సంస్కృతి, అవకాశాలు, వీటితో పిల్లల్ని నిలబెట్టాలని, రెండు లోకాల్లోనూ తల ఎత్తుకుని నడవగలిగేలా చేయాలని. క్లినిక్‌లో మనం ఆ కుర్రవాళ్లని ఆఖరి గంటలో చూస్తాం. ఆవిడ బాలవాడీ వయసు నుంచే చూశారు. మనవైపు నుంచి అది మానసిక ఆరోగ్యం. ఆవిడ దాన్ని బడి గుమ్మం నుంచే మొదలుపెట్టారు.

దదిర్రి అనే మాటని ఇంకొకరు ఇంకో దారిలో పట్టుకెళ్లారు, తెలుసుకోండి. జూడీ అట్కిన్సన్ అని జిమన్, బన్‌జలంగ్ మూలాలున్న ప్రొఫెసర్. తరతరాలుగా దిగే గాయాల మీద పరిశోధన చేస్తూ, ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లే బదులు దదిర్రినే పద్ధతిగా పెట్టుకున్నారు. ముందు వినాలి, మళ్లీ వినాలి, విన్నదానికి బాధ్యత పడాలి. ‘వి అల్-లీ’ అని శిక్షణ కార్యక్రమం నడిపారు. వొప్పబర్రా భాషలో ఆ రెండు మాటలకీ అర్థం నిప్పు, నీరు. మధ్య ఆస్ట్రేలియాలో ఙంగ్కరీలని సంప్రదాయ వైద్యులు ఉంటారు, వాళ్లు వేరే జనం, వేరే పద్ధతి. అన్నీ ఒకే గాటన కట్టకండి. శ్రీకాకుళం సవరలనీ, ఆదిలాబాద్ గోండులనీ ఒకటే అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మీ మొదటి నెలకి పనికొచ్చేవి నాలుగు చెబుతాను.

మిమ్మల్ని చూడగానే "నీ కంట్రీ ఏది? నీ మాబ్ (నీవాళ్లు) ఎవరు?" అని అడుగుతారు. మెడికల్ కాలేజీ పేరు చెప్పకండి. మా ఊళ్లో ముసలాళ్లు కొత్త మొహం కనపడితే "ఎవరి తాలూకు బాబూ?" అంటారే, అచ్చం అదే ప్రశ్న. కంట్రీ అంటే దేశం అనుకోకండి, మనం ‘మా ఊరు’ అన్నప్పుడు గొంతులో ఉండేదే దానికి దగ్గర. మీ నది పేరు చెప్పండి, అమ్మానాన్నల గురించి చెప్పండి. నేను గోదావరి అనీ, ఏటా వరదొస్తే అరుగు మీదికి నీళ్లొచ్చేవనీ చెబితే ఒక పెద్దాయన గంట సేపు కదల్లేదు.

చుట్టరికాలు మీకు కలిసొస్తాయి. అక్కడ అమ్మ అక్కచెల్లెళ్లందరూ అమ్మలే, నాన్న అన్నదమ్ములందరూ నాన్నలే. పిల్లని నిన్న ఒక అమ్మ తెచ్చింది, ఈ రోజు ఇంకో అమ్మ తెచ్చింది అని ఇంగ్లీషు డాక్టర్లు కంగారుపడి వెల్ఫేర్‌కి ఫోన్ చేసే దాకా వెళ్లిన రోజులున్నాయి. పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న అని పెరిగిన మనకి ఆ కంగారు అక్కర్లేదు. మేనమామ వేరు, మేనత్త వేరు అన్న లెక్క కూడా మనలాగే ఉంటుంది. అత్తా అల్లుడూ ఒకరికొకరు ఎదురుపడకూడదు, మాట్లాడుకోకూడదు. వెయిటింగ్ రూమ్‌లో ఒకాయన పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా ఒకావిడ ఎండలో నిలబడి ఉంటే, కూర్చోమని బలవంతం చేయకండి. పక్క గది తలుపు తెరవండి. మా నాయనమ్మ కాలంలో అల్లుడు వస్తే అత్తగారు తలుపు చాటు నుంచే మాట్లాడేది.

‘అవును’ని నమ్మకండి. అది చాలాసార్లు ‘నువ్వు చెప్పింది విన్నాను, ఇక వెళ్లు’ అని. అవును, కాదు అనే జవాబు రాని ప్రశ్న ఒక్కటి అడిగి, నోరు మూసుకుని కూర్చోండి. మెల్‌బోర్న్‌లో పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌కి అలవాటుపడిన ప్రాణానికి అది నరకం. రెండు నిమిషాల నిశ్శబ్దం తట్టుకోగలిగితే తర్వాత వచ్చే మాటే అసలు కంప్లయింట్. ఎమర్జెన్సీలో ఇదంతా కుదరదు, సెప్సిస్ పేషెంట్ దగ్గర చెట్టు కింద కూర్చోమని చెప్పడం లేదు. అక్కడ మీ వేగమే కావాలి, డార్విన్‌కి ఫోన్, విమానం, అంతే. రెండింటికీ తేడా తెలియడమే ఈ ఉద్యోగం.

మాటల్లో జాగ్రత్త. ‘ఆబోరిజినీ’ అనే పాత మాట వద్దు, ఆబోరిజినల్ అనండి, ఇంకా మంచిది ఆ జనం సొంత పేరు అడిగి అనడం. మన తెలుగు పేపర్లలో ‘ఆదిమానవులు’ అని రాస్తుంటారు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా ఆ మాట వాడకండి. చదువుకున్న టీచర్లు, నర్సులు, డాక్టర్లు, జడ్జీలు ఉన్న జనం వాళ్లు.

ఇక పప్పూ బియ్యం. ఊళ్లో దుకాణంలో బియ్యం ఉంటుంది, కందిపప్పు ఉండదు. డార్విన్‌లో ఇండియన్ షాపులున్నాయి. అక్టోబర్, నవంబర్‌లలో ఉక్కపోత మొదలవుతుంది, దాన్ని అక్కడ బిల్డప్ అంటారు. మన సినిమా బిల్డప్ అనుకునేరు, నిజంగానే ప్రాణం తీస్తుంది. ఆ లోపే మూడు నెలలకి సరిపడా తెచ్చి పెట్టుకోండి, చింతపండు, ఆవకాయతో సహా. వానలు పడ్డాక రోడ్డు మునుగుతుంది. డేలీ బాగా పొంగితే ఊరు ఊరంతా హెలికాప్టర్లలో డార్విన్‌కి తరలిస్తారు. నౌయుకి ఇది కొత్తేమీ కాదు, 1998లో మునిగింది, 2018లో మళ్లీ ఖాళీ చేయించారు. షోగ్రౌండ్స్ హాల్లో మంచాలు వేసి ఉంచుతారు. అప్పుడు క్లినిక్ కూడా వాళ్లతోపాటే రావాలి. మందుల పెట్టె, పెనిసిలిన్ కోసం ఒక ఐస్‌బాక్స్, ఎవరికి ఏ రోజు డోసు ఉందో రాసుకున్న కాగితం, ఈ మూడూ చేతికందేలా పెట్టుకోండి. కంప్యూటర్ మీద ఆధారపడకండి, కరెంటు ముందే పోతుంది.